నూట నలభై సెకన్లు

టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దగ్గర
ఎర్ర అంకెలు తరుగుతుంటాయి.
స్కూటీ ముందు నిలబడి మా హంసిని
కొత్తగా వచ్చిన కన్నడ అక్షరాలు
ఒక్కొక్కటే కూడబలుక్కుంటుంది.

నిన్న మొదటిసారి ఒక వాక్యం పూర్తిగా చదివింది.
చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను.
"అందరూ నీవైపే తిరిగి చూడాలి."
పైన హోర్డింగులో దాని ఈడు పిల్ల,
ఎవరో పెద్దవాళ్ళ నవ్వు తెచ్చి తగిలించిన ముఖం.
కింద: ఆరేళ్ళ నుంచి పన్నెండు దాకా,
అన్ని సైజులూ.

షాపుకెళ్ళి అడిగాను.
"క్యూట్‌గా ఉంది కదా మేడమ్!"
మీ ఇంట్లో ఆడపిల్ల లేదా, అనలేదు నేను.
ఫొటో తీసిన రోజు ఆ పిల్ల
అన్నం తిన్నదా, నిద్రొస్తోందని ఏడ్చిందా,
అదే అడిగాను.
మేనేజరు ఫిర్యాదుల పుస్తకం తోశాడు.
పెన్ను లేదు.

ఇవాళ మళ్ళీ అదే సిగ్నలు.
"అమ్మా, అందరూ అంటే ఎవరెవరు?"
ముప్పై రెండు. ముప్పై ఒకటి.
పక్క కారు అద్దం, వెనక ఆటో, బస్సు కిటికీలు...
గబుక్కున దాని హెల్మెట్ అద్దం కిందికి లాగాను.
లాగిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.
మూయాల్సింది దీన్నా?

లోపల్నుంచి, ఆవిరి పట్టిన గొంతుతో,
అది పక్క బోర్డు మొదలుపెట్టింది:
పం... పంక్... పంక్చర్!

ఈసారి చప్పట్లు కొట్టాను.
వెనక హారన్లు.