కొక్కెం

పగలే చూశాను.
మూడో స్తంభం దగ్గర, తీగ మీద
సైకిలు పుల్ల వంచి చేసిన కొక్కెం.
అక్కణ్ణించి మాలకొండయ్య చేను చుట్టూ
మోకాలెత్తున సన్నటి బైండింగు వైరు.
"పందులు, మస్తానూ" అన్నాడు.
"కొండ దిగొచ్చి రాత్రికి రాత్రి
అరెకరా తవ్వి పోతాండాయి.
తెల్లారేలోపు తీసేస్తాలే."

నా ఒక చేతిలో కటింగ్ ప్లయరు.
ఇంకో చేతిలో అతనిచ్చిన సంచి,
పచ్చి చెనక్కాయలు, ఇంకా మన్ను వదల్లేదు.
రెండు చేతులూ నావే.

ఆ రాత్రి మా ఇంట్లో ఉడకేశారు.
ఉప్పు సరిపోయిందని కూడా అన్నాను.

చీకటితో లేచి ఓబులమ్మ
తప్పిపోయిన దూడని వెతుక్కుంటా వచ్చింది.
దూడ దొరికింది.
తీగకి అవతల గట్టు మీద
గడ్డి మేస్తా నిలబడుంది, ఏమీ తెలీనట్టు.
ఊళ్లో ఒక్క బల్బు రెప్ప వెయ్యలేదు.
ఒక మనిషి పోవడానికి ఎంత కరెంటు కావాలో
ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆ పొద్దు తెలిసింది:
పిండి మిల్లు తినేదాంట్లో
పిసరంత.

ఉదయగిరి నుంచి జీపొచ్చింది. పంచనామా రాశారు.
కొక్కెం, వైరు, ఒక జత రబ్బరు చెప్పులు.
సంచి సంగతి ఎవరూ రాయలేదు.
తొక్కలు అప్పటికే పేడ దిబ్బలో ఉన్నాయి.

నెల్లూరు కోర్టులో నన్ను అడిగారు,
ముందుగా ఎప్పుడైనా చూశావా అని.
చూళ్లేదన్నాను.
బోనులోంచి మాలకొండయ్య నా వైపు తిరిగాడు.
తిట్టలేదు. "అబద్ధం" అనలేదు.
ఎండకి కళ్లు చికిలించే మనిషిలా
కొంచెంసేపు చూసి
జడ్జిగారి వైపు తిరిగిపోయాడు.
మూడేళ్లన్నారు.

దేవుడు చూస్తా ఉంటాడంటారు.
చూసేదానికేముంది, నేనూ చూశాను.
చూడ్డం వేరు
ప్లయరు పైకెత్తడం వేరు.

శిక్ష పడినోడికి ఒక తేదీ ఉంటుంది.
ఆ తేదీన అతను బస్సు దిగాడు,
బుగ్గలు లోపలికి పోయి, చేతిలో గుడ్డ సంచితో.
ఇంటికి పోకుండా నేరుగా గురవయ్య గడప ముందుకు పోయి
చాలాసేపు నిలబడ్డాడంట.
గురవయ్య తలుపు తియ్యలేదు.
మర్నాడూ పోయాడు.
ఎన్నో నాడో లెక్క తెలీదు గానీ
ఆ ఏడు గురవయ్య చేలో
మొదటి సాలు దున్నింది మాలకొండయ్యే.
కూలి తీసుకోలేదు. క్షమించానని ఆయనా అనలేదు.
ఇద్దరూ ఒక గట్టు మీద కూర్చుని
వేరువేరు దిక్కులకి చూస్తా సద్ది తాగేవాళ్లు.

ఒకసారి టీ బంకు వెనకాల పట్టుకుని అడిగాను,
"ఎందుకు చెప్పలేదయ్యా నా పేరు?"
బీడీ ఆర్పి, మిగిలిన ముక్క చెవిమీద పెట్టుకున్నాడు.
"చెబితే నాకు తగ్గుతుందా?
పొలమైతే భాగాలు పడతాయి మస్తానూ.
ఇది పంచినా
ఎవుడిది వాడికి పూర్తిగానే వస్తాది."
అంతే. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

నాకు నోటీసు రాలేదు. ప్రమోషనొచ్చింది.
చెనక్కాయలు మానేశాను. అదొక శిక్షంటారా?
నాకు నేను వేసుకున్నది కాబట్టి
కష్టమైన చోటల్లా నాకు నేనే తగ్గించుకుంటాను.
పోయిన కార్తీకంలో వేయించినవి రెండు తిన్నాను కూడా.

మొన్న గాలివానకి గురవయ్య ఇంటి సర్వీసు వైరు తెగింది.
రాత్రి ఎనిమిది దాటింది.
నేను స్తంభమెక్కాను. కింద ఆయన టార్చి పట్టుకున్నాడు.
"జాగ్రత్త అబ్బయ్యా, తడిగా ఉండాది" అన్నాడు.
లైను ఆపించాను, నాకు తెలుసు.
అయినా చేతులు వణికాయి.
టార్చి వెలుగు నా వేళ్ల మీదే నిలిచింది,
కదలకుండా,
ఏ వేలు ఏం చేస్తుందో చూపిస్తా.

వైరు ముడేసి, కిందికి చూశాను.
చెప్పేద్దామని నోరు తెరిచాను.
సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి లైనిమ్మన్నాను.
"కరెంటొచ్చిందా?" అని అడిగాను.

ఇంట్లోకి పోయి చూసి
"వచ్చింది" అన్నాడు.