తూగు

తెల్లవారుజామున ఐదున్నరకి, పద్దెనిమిదో అంతస్తులో
పట్టాల మీది ఉప్పుని పాతగుడ్డతో తుడుస్తుంది లివాయ్‌వాయ్.
రాత్రంతా ఎగిరొచ్చిన సముద్రం ఇక్కడ ఎండి తెల్లబడుతుంది.
పెదవికి తగిలితే ఇలోయిలో రేవులో ఎండుచేపల వాసన గుర్తొస్తుంది.
రానివ్వదు. బోల్టులు లెక్కపెడుతుంది.

మొదటి బండి ఎప్పుడూ ఖాళీగా పోదు.
రెండు సీట్లలో రెండు నీళ్ళ సంచులు,
ఒక్కొక్కటీ డెబ్బై అయిదు కిలోలు.
బెల్టు బిగించి వాటికి కూడా చెబుతుంది:
"చేతులు లోపలే పెట్టుకోండి."

నేల మీది రోలర్ కోస్టర్‌కి భూమంత ధీమా.
ఒక్కసారి పైకి లాగి వదిలితే చాలు,
మిగతాది భూమే చూసుకుంటుంది.
ఇక్కడ పల్లం మాట మీద నిలబడదు.
పొద్దున చదునుగా ఉన్న పట్టా
మధ్యాహ్నపు అల మీద ఎగువ.
అందుకే ప్రతి బండికీ సొంత మోటారు.
నమ్మకం తక్కువైన చోట కరెంటు ఎక్కువ.

ఓడ ఒక్క ఊపుకి పదహారు సెకన్లు తీసుకుంటుంది,
బాలింత ఒత్తిగిలినట్టు.
బండికి అంత ఓపికేదీ?
ఈ రెండు తాళాలు ఎప్పుడు కలుస్తాయో
ఏ పంచాంగంలోనూ లేదు.

యుకటాన్ జలసంధి దాటుతుండగా వచ్చాడు ఎలిసెయో.
వెరాక్రూజ్‌లో పదకొండంతస్తుల హోటలు,
లిఫ్టులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకటే స్టూలు.
"కిందికి కదిలే ముందు, ఒక్క క్షణం,
స్టూలు నన్ను మర్చిపోయేది.
రోజుకి రెండొందల సార్లు.
ఆ బరువంతా ఎక్కడికి పోయినట్టమ్మా?"

ఆమె స్పానిష్ అంతంతమాత్రం. అతని ఇంగ్లీషూ అంతే.
అరచేతిలో ఒక బోల్టు పెట్టి
చెయ్యి చటుక్కున కిందికి దించింది.
బోల్టు చేతిని తాకుతూనే ఉంది,
చేతి మీద మాత్రం లేదు.
భూమి లాగడం మనకెప్పుడూ తెలీదు,
సీటు నెట్టడమే తెలుస్తుంది,
అది నెట్టడం మానేస్తే...
"ఊఁ" అన్నాడు. అర్థమైందో లేదో.

నాలుగో నంబరు ట్రేలో కళ్ళజోడు, ఉంగరం,
చివరికి చెవి మిషను కూడా తీసి పెట్టాడు.
నిశ్శబ్దంలోకి ఒక్కడే ఎక్కాడు.

అతను అటు పరిగెత్తితే ఓడ ఇటు జరిగింది:
లక్షా ఎనభై వేల టన్నులు, నీళ్ళు అడ్డుపడకపోతే,
అక్షరాలా వెంట్రుకవాసి.
కింద ఎవరి కప్పులోనూ కాఫీ కదల్లేదు.

శిఖరం దగ్గర రెండు తాళాలూ కలిశాయి.
బండి దిగుతోంది, దాని కింద ఓడా దిగుతోంది.
బొటనవేలు మందాన లేచాడు సీట్లోంచి.
తెర మీద ఆమెకి కనిపించింది:
కళ్ళు మూసుకుని, కుడిచేత్తో
గాలిలో లేని పిడినేదో
నెమ్మదిగా తిప్పుతున్నాడు.
ఆమె గుప్పెట్లో చెవి మిషను
సన్నగా ఈల వేస్తోంది.

దిగాక ఏమీ చెప్పలేదు.
ట్రేలో ఉంగరం మర్చిపోయి వెళ్ళబోతే
వెనక్కి పిలిచింది.
మూడింటికి గాలి ముదిరింది, తాడు కట్టేసింది.

రాత్రి, నీటిమట్టానికి కింద, కిటికీ లేని గదిలో,
పరుపు ఆమెని కాస్త మర్చిపోతుంది,
కాస్త గుర్తు చేసుకుంటుంది,
పదహారేసి సెకన్లకోసారి.
ఊగడానికీ, బరువుండడానికీ, కునుకు పట్టడానికీ
మన దగ్గర ఒకటే మాట.
తూగుతోంది.