ఒకే కార్డు

పరిపాలనా భవనం వెనక, సైకిల్ స్టాండు దాటినంక
రెండు గదులు, ఒక బెంచి,
రెండు కిలోలు ఎక్కువ చూపే తూకం మిషను.
మా యూనివర్సిటీ హెల్త్ సెంటరంటే ఇంతే.
ఇరవై రెండేండ్లు దాని ముందటి నుంచే నడిచిన,
లోపలికి తొంగి చూడలే.

నాది పరీక్షల విభాగం. మార్కులు కూడే పని.
నలభై ఒకటి, ముప్పై తొమ్మిది, గైరుహాజరు, యాభై రెండు.
ఒక్క అంకె తప్పితే ఒక పిల్లగాని ఏడాది పోతది.
అందుకే మెడ వంచిన.
వంచిన మెడ వంచినట్టే ఉండిపోయింది.
నయీంనగర్ నాలా కాడ ఒకనాడు
విమానం పోతాందని పిల్లలు అరిస్తే
స్కూటరాపి, నడుం మీద చేతులు పెట్టి
ఒళ్లంత వెనక్కి వంచి చూసిన.
అప్పటికే అది మబ్బుల్ల కలిసింది.

రిజల్టులిచ్చే వారంలనే నోటీసొచ్చింది:
'ఉద్యోగుల ఆరోగ్య సంరక్షణార్థము...'
"ఈ వారమే దొరికిందా వీళ్లకు" అన్నది వినోదిని మేడం.
అనుకుంటనే అందరికంటె ముందు లేచిపోయింది.

రూతమ్మ సిస్టర్ నా జబ్బకు పట్టీ చుట్టింది.
"మాట్లాడకు సారూ. నెంబర్ల సంగతి ఈ ఒక్కపూట నాకిడిసిపెట్టు."
నూట నలభై, తొంభై.
నా మార్కులు ఇంకొకలు వేసుడు
బడి ఇడిసినంక అదే మొదలు.

బెంచి చివర ఓదెలు.
రెండో గేటు రాత్రి కాపలా.
పన్నెండు గంటల డ్యూటీ దిగి అట్లనే వచ్చిండు,
సంకల టిఫిను డబ్బా,
ఉబ్బిన కాళ్లకు పట్టీలు విప్పిన చెప్పులు.
ఫారం మీద గడులున్నయి:
బోధన, బోధనేతర, రిటైర్డు.
ఓదెలు ఏజెన్సీ మనిషి.
ఆ గడి అచ్చు కాలే.
"ఎంప్లాయీ నెంబరు లేకుంటే తీసుకుంటలేదన్నా"
కంప్యూటర్ ముందటి పిలగాడు తలకాయ గీరుకున్నడు.
"పర్వాలేదు బిడ్డా" అని లేచిండు ఓదెలు.
ఆయనకు ఆ మాట గేటు తీసినంత అలవాటు.

సిస్టర్ లేవనియ్యలే.
పట్టీ చుట్టి బుడ్డ ఒత్తింది.
ముల్లు ఎక్కింది, ఇంకా ఎక్కింది.
నూట తొంభై, నూట పది.
మళ్లొకసారి చూసింది. అదే.
"ఇది ఎవ్వలి కార్డుల రాయాలె?"
గోడను అడిగినట్టు అడిగింది.

ఇరవై రెండేండ్లల్ల
ఒకరి మార్కు ఇంకొకరి వరుసల వెయ్యనోన్ని నేను.
నా కార్డు ముందటికి జరిపిన.
చెయ్యి వణికింది, అబద్ధమెందుకు.

గప్పటి సంది శుక్రారం శుక్రారం
ఆయన డ్యూటీ దిగుతడు, నేను ఎక్కుత.
నడుమ బెంచి మీద పావుగంట.
ఉప్పు తగ్గియ్యాలెనట.
"తొక్కు లేని బువ్వ బువ్వేనా" అని
సిస్టర్ పక్క గదిలకు పొయ్యేదాక ఆగి అంటడు.
నాకు మెడ తిప్పుడు నేర్పింది సిస్టర్:
గడ్డం కిటికీ దిక్కు, మెల్లగ దర్వాజ దిక్కు.
ఆయన మెడకు ఏమీ లేదు,
అయినా నాతోని తిప్పుతడు.
ఒకనాడు ఇద్దరం ఒక్కసారే కిటికీ దిక్కు తిరిగినం.
బయట గడ్డిల ఒక మైన
సచ్చిన మిడతను గుంజుతాంది.
చూసుకుంట కూసున్నం. నాకు ఆలస్యమైంది.

మొన్న కరీంనగర్ నుంచి కొత్త డాక్టరొచ్చిండు.
నా కార్డు తిరగేసి, అద్దాలు తుడుచుకొని, మళ్ల చూసిండు.
మీది వరుస నూట ముప్పై, కింది వరుస నూట డెబ్బై,
మీద నూట ఇరవై ఆరు, కింద నూట డెబ్బై నాలుగు.
"ఇదేం రక్తమయ్యా, ఒక్కనాడే రెండు తీర్లు?
రాత్రి నిద్ర పోతలేవా?"

సిస్టర్ దూది సర్దుతాంది,
సర్దిన దూదినే మళ్ల.

"లేదు సార్" అన్న.
"రాత్రంత గేటు కాడనే ఉంట."

డాక్టర్ నన్ను చూసిండు.
బెంచి చివరకు చూసిండు,
విప్పిన చెప్పుల పట్టీల దాక.
సొరుగుల నుంచి స్కేలు తీసి
రెండు వరుసల నడుమ ఒక గీత గీసిండు.
కింది దానికి గోళి పెంచిండు.