అద్దంల ఐదుగురే

అదాలత్ కాడ మిర్చీలు కట్టిచ్చిన పేపరు.
నూనె పట్టి సగం అక్షరాలు కరిగినయి,
మిగిలిన సగంల గిట్లున్నది:
పైసలున్న దేశాలల్ల
ఎనిమిది మంది పిల్లలుంటే ఒక్కలకు
మనసుల జబ్బట.
అండ్ల సగం మందికి సుత
వైద్యం అందుతలేదట.

నా ఆటోల ఎనిమిది మంది.

ఆరుగురిని మించి ఎక్కియ్యొద్దంటడు ట్రాఫిక్ సారు.
డీజిల్ ఆయన పోస్తడా?

తెల్లారి కొత్తవాడ గల్లీలల్ల
చెయ్యి బ్యాగులు అందుకుంటున్నది,
కండ్లు లెక్క పెడుతున్నయి.
ఎవలు?

నిహాలా? వాడు నీళ్ళ సీసతోని
అందరి నెత్తుల మీద తబలా కొడ్తడు,
మొన్న సీటు కవరు గోర్లతోని గీకి గీకి చింపిండు.
ఇఫ్రానా? పోచమ్మమైదాన్ నుంచి
పెదవులు కదుపుకుంట పందొమ్మిదో ఎక్కం.
ఒక్క తాన తప్పితే మల్ల మొదటి నుంచి,
మల్ల తప్పితే
కండ్ల నీళ్ళు తీసుకుంట మొదటి నుంచి.
ఓంకారుకు సోమారం సోమారం కడుపు నొస్తది.
ఐతారం నొయ్యది.
"అన్నీ నాటకాలే" అన్నది వాళ్ళమ్మ,
అవునవునని నేనూ నవ్విన.
జెరూష బ్రేకు ఏసినప్పుడల్ల కండ్లు మూసుకుంటది,
అది జబ్బా, నా బ్రేకుల తప్పా?

గిట్ల చూస్తే అందరూ ఆ ఒక్కలే అనిపిస్తది.
ఇంకోసారి చూస్తే ఎవలూ కాదు,
పొద్దుగాల నిద్ర సాలని పిల్లలు, అంతే.

అద్దంల ఐదుగురే కనవడ్తరు.
ఎనుక చెక్క మీద ఆటు మొకం తిరిగి
కూసునే ముగ్గురు
ఏ అద్దంల పడరు.
గొంతులను బట్టే వాళ్ళను గుర్తు వడ్త.
అండ్ల ఒక గొంతు
దసరా సెలవులైనంక రాలే.

లోహిత. నాలుగో తరగతి.
దారి పొడుగునా కుక్కలన్నిటికి పేర్లు పెట్టిన పిల్ల.
ఎంజీఎం గేటు ముంగట పండే కుంటిదానికి
కలెక్టర్ అని పేరు.
"అంకుల్, కలెక్టర్ ఇయ్యాల డ్యూటీకి రాలే!"
అని ఆటో దద్దరిల్లేటట్టు ఒర్రేది.
ఇప్పుడు దిగుతది, ఎక్కుతది.
బ్యాగు ఒడిల పెట్టుకొని
బ్యాగు లెక్కనే ఉంటది.

నేనేమన్ననో చెప్పాల్నా?
"మీ పాప మంచిగ బుద్ధిమంతురాలైంది సార్,
అల్లరే లేదు" అన్న వాళ్ళ నాయినతోని.
ఆయన సంబురపడి
ఆ నెల కిరాయి ఒకటో తారీకే ఇచ్చిండు.

నాకు తెల్వదా?
ఆరో తరగతిల ఒక వానకాలమంత
నోట్లె నుంచి మాట రాలే నాకు.
నాయిన కట్టె అందుకున్నడు.
అవ్వ కాజీపేట దర్గాకు నడిపిచ్చి
దండకు తాయత్తు కట్టిచ్చింది.
ఇద్దరూ నా మంచికే.
ఏమైందిరా అని మాత్రం
ఎవలూ అడుగలే.
అడిగితే ఏం చెప్పెటోన్నో
ఇప్పటికీ తెల్వది.

ఆ దేశాలల్ల బడి బడికి పోయి
అడిగి రాసుకున్నట్టున్నరు.
లెక్కన్న ఉన్నది వాళ్ళ కాడ.
మన కాడ లెక్క లేదు,
లెక్క లేదు కాబట్టి జబ్బూ లేదు.

మధ్యాన్నం ఎంజీఎంల వాచ్‌మన్‌ను అడిగిన,
మనసు డాక్టరు ఏ రూముల కూసుంటడని.
"పిచ్చి డాక్టరా? ఎవలికి?" అన్నడు.
ఎవలికి.
నా బిడ్డ కాదు.
నా నోటికి ఏ పేరు రాలే.
ఊకెనే అని ఎల్లొచ్చిన.

సాయంత్రం.
ఎనిమిది మంది ఎక్కిన్రు.
ఎంజీఎం గేటు కాడికి రాంగనే గేరు తగ్గిచ్చిన.
కలెక్టర్ నీడల కాళ్ళు సాపుకొని పన్నడు.
"లోహితమ్మా, సారు డ్యూటీల నిద్రవోతున్నడు,
ఏం చేద్దాం?"

నిహాల్ తబలా ఆపిండు.
ఎక్కం ఆగింది.
ఎనుక చెక్క మీదికెల్లి
ఏం వినవడలే, ఇంకా.

బస్సోడు హారన్ కొడ్తున్నడు.
కొట్టనియ్.