దారి సరే

నెలకో ఆదివారం, త్సుయామాలో
ఉరాగామి గారి మేడ మీద
ఐదు కత్తులు పడుకోబెడతారు.
పిడి దగ్గర పేరున్న చోటంతా
తెల్లటి చెక్కతొడుగు.
పేరు చూడకూడదు. ఉక్కునే చదవాలి.

ఊపిరి తగిలితే ఆవిరి, ఆవిరి తగిలితే తుప్పు.
నోరు మూసుకుని
ఒక్కొక్కరం బల్బు కిందికి వంగుతాం:
పళ్ళ డాక్టరు నిషిగాకి అమ్మ,
సారా కొట్టు హమాగుచి,
పాల వ్యాను తోలే నేను.

చీటీ మీద ఊరూ పేరూ రాసి ఇస్తే
ఆయన ఎర్రసిరాతో జవాబిస్తారు.
గురి కుదిరితే "తగిలింది".
మనిషి తప్పినా ఆ వైపు ఊళ్ళు కుదిరితే
"దారి సరే".
ఏదీ కాకపోతే "కాదు".
పదకొండేళ్ళలో నాకొచ్చినవి
మూడొంతులు కాదులే.

అయినా కొంచెం కొంచెం పట్టుబడింది.
బిజెన్ వాళ్ళ వాదర వెంట
లవంగమొగ్గలు రాశిపోసినట్టుంటుంది,
పైన పల్చటి పొగ,
తెల్లారగట్ల మా యోషీ ఏటి మీద లేచేలాంటిది.
సాగామి ఉక్కు, చీకట్లో చల్లిన ఉప్పు.
మినో వాళ్ళది మొనలు మొనలుగా లేచే గీత,
కోపిష్టి మనిషి దస్తూరీ.
ఇక యామాతో.
యామాతోని నేను పెద్దగా పట్టించుకోలేదు.
నారా గుళ్ళ సన్యాసులకు కత్తులు కొట్టిచ్చినవాళ్ళు,
పేరైనా చెక్కుకోనివాళ్ళు.

నేను ఏటి గట్టున పుట్టినవాణ్ణి.
మూడేళ్ళ బోనసు పోసి కొన్నది
మా ఏటి కత్తినే,
ఒసాఫునే కమ్మరి పేరున్నదాన్ని.
అప్పటికది మసకబారి ఉంది,
వానాకాలపు కిటికీ అద్దంలా.
మెరుగు పట్టమని ఉరాగామి గారికి అప్పగిస్తే
ఎనిమిది నెలలు.
ఎప్పుడడిగినా "రాయి తొందరపడదయ్యా" అనేవారు.

మొన్న నవంబరులో
నాలుగో కత్తి దగ్గర ఆగిపోయాను.
చిత్రిక పట్టిన దేవదారు పలకలో నారలాగా
ఉక్కు మొదటినుంచి కొసదాకా నిలువునా పారుతోంది.
వాదర గీత తిన్నగా వెళ్ళి వెళ్ళి
మొన దగ్గర మాత్రం
చీపురుతో ఊడ్చినట్టు చెదిరింది.
పువ్వు లేదు, పొగ లేదు.
ఎవరి మెప్పూ అడగని పని.
ఇన్నాళ్ళూ దీన్ని చూడలేదేమని సిగ్గేసింది.
చీటీ మీద రాశాను:
యామాతో. పేరు తెలియదు.

చీటీ తిరిగొచ్చింది. "తగిలింది."
తొడుగు తీశారు.
నల్లటి తుప్పు మధ్య
నాకు కంఠతా వచ్చిన అక్షరాలు,
ఒసాఫునే కమ్మరి పేరు.
నా కత్తి.

హమాగుచి నవ్వబోయి దగ్గాడు.
నిషిగాకి అమ్మ లేచి టీ పోసింది,
ఎవరూ అడక్కుండానే.
ఉరాగామి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ
"మొదటి రోజే తెలుసు.
చెబితే నన్ను నమ్మేవాడివి.
దాన్ని నమ్మాలి కదా" అన్నారు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
నా ఒక్క కత్తిలో రెండు సీమలు ఇమిడాయి,
ఒంట్లో ఒకటి, నోట్లో ఒకటి.

దొంగ పేరు తీసేస్తే కాగితం ఇస్తారట,
ధర కూడా లేస్తుందట.
"ఆకురాయి పెట్టించనా?"
రేపు చెబుతానన్నాను.

రాత్రి నూనె రాస్తూ భూతద్దం పెట్టి చూశాను.
చివరి అక్షరంలో అడ్డగీత ఒకటి పక్కకి జారింది.
ఉలి పట్టిన చెయ్యి వణికినట్టుంది.
ఎవరు నాయనా నువ్వు?
బియ్యం అప్పు తీర్చడానికి చెక్కావా,
పేరు లేనిదాన్ని ఎవరూ కొననంటే చెక్కావా?
నేను మాత్రం ఏం చూసి కొన్నాను?
రెండొందల ఏళ్ళు ఆగితే
నీకు బేరం నేను దొరికాను.

ఆ రేపు ఇంకా రాలేదు.
నాలుగున్నరకు లేచి పాలు ఎక్కిస్తున్నాను.
ఎర్రసిరా చీటీ వ్యాను అద్దం అంచున దోపి ఉంది.
వంతెన కింద యోషీ ఏరు
తన పొగలో తనుంది.
నారా వైపు మాకు పాల రూటు లేదు.