ఎనిమిది పసుపులు

ముసఫ్ఫా సైటు మీద
ప్లాస్టిక్ పాయఖానా తలుపుకు లోపలి దిక్కు
ఒక కాగితం అంటిచ్చిన్రు.
ఎనిమిది గడులు, ఎనిమిది పసుపులు.
పైన నీళ్లసొంటి తెలుపు,
కిందికి పోంగ పోంగ
శనగపిండి, పసుపుకొమ్ము, ఆఖరుకు చాయ డికాషన్.
నీ ఉచ్చ ఏ గడిల ఉన్నదో చూసుకో అని
ఐదు భాషల రాసిన్రు.
తెలుగు లేదు.
రంగుకు భాషెందుకు?

నాకైతే పసుపంటే మల్లన్న.
నొసటికి రాసుకునే బండారి,
ఒగ్గోల్లు నేల మీద పట్నమేస్తుంటె
వేళ్ల సందులకెల్లి రాలే పొడి.
చిన్నప్పుడు గా పొడి నోట్లేసుకొని
అవ్వతోని దెబ్బలు తిన్న.
పసుపు చిక్కనైతే ప్రమాదమని
ముక్కు మూసుకొని, చెమటల నానుకుంట
గీ కాగితం ముందర నిలబడి నేర్చుకున్న.

అంతకుముందు తెల్వది.
ఇనుము కట్టేది ఆరో అంతస్తుల.
దిగి ఎక్కితే పావుగంట,
ఫోర్మన్ గడియారం దిక్కు చూస్తడు.
అందుకే నీళ్లు తాగకపోయేది.
బుధారం ఒక్కపొద్దు సుత ఇడువలే.
కడుపు మాడ్చుకొని రాడ్లు వంచుతుంటె
దేవుని దగ్గర నా పేరు మీద
ఏదో జమైతున్నదనుకున్న.

ఒకనాడు కండ్లకు చీకట్లొచ్చి
వైరు కట్టల మీద పడ్డ.
క్లినిక్కుల మలయాళీ సిస్టరమ్మ
నరం దొరకక మూడుసార్లు గుచ్చి
మెల్లగ హిందీల అడిగింది:
"ఎవరి మీద కోపం నీకు?"
జవాబు రాలే.
సెలైన్ బొట్టు బొట్టు దిగుతుంటె
లింగం మీద వేలాడే చెంబు యాదికొచ్చింది.
గిదీ అభిషేకమే గద,
కాకుంటె లోపలికి.

మా రూముల జర్గుల్ ఖాన్‌ది పెషావర్ దిక్కు.
నమాజుకు ముందర ఒక్క మగ్గు నీళ్లతోని
మోచేతులు, చెవుల ఎనుక, కాలివేళ్ల సందులు
తొందర లేకుంట కడుగుతడు.
ఇన్నేండ్లు నేనూ బకెట్లకు బకెట్లు గుమ్మరిచ్చుకున్న,
గని నా కాలివేళ్లను
నేనెన్నడు చూసినట్టు లేదు.

పరంజీలు కట్టే ఏసుపాదానిది కోనసీమ.
ఆదివారం మంచం అంచున గోర్లు తీసుకుంట అంటడు:
"ఒళ్లు మనది కాదు ఓదెలూ, అద్దెకిచ్చాడాయన.
ఖాళీ చేసేనాడు తాళం ఇచ్చెయ్యాలా?
గోడల్నిండా మేకులు కొట్టేసి
ఏ మొహంతో ఇస్తాం చెప్పు?"

ఇప్పుడు నా పూజ చిన్నది.
నాలుగింటికి లేచి పండ్లు తోముకుంట.
బూట్లు దులుపుత, ఒకసారి తేలెల్లింది.
రెండు సీసాల నీళ్లు నింపి
ఒకదాంట్ల ఉప్పు పొట్లం కలుపుత.
బెల్టు కొక్కెం గుంజి చూసి, మళ్ల గుంజుత.
పొద్దుమీకి పగిలిన మడిమెలకు వాజిలిన్ రాస్త.
అగరొత్తి ముట్టిస్తె అలారం మోగుతది రూముల.
మల్లన్న సుత సర్దుకున్నడు,
బీరువా తలుపుకు లోపల, తువ్వాల పక్కన.

అన్ని దినాలు ఒక్కతీరుండవు.
ఓటీ ఉన్నప్పుడు ఐదో గడి, ఆరో గడి.
గా రాత్రి బీరువా తెరువ బుద్ధికాదు,
దొంగతనం చేసొచ్చినట్టుంటది.

గంభీరావుపేట పోరడు భీమేష్ కొత్తగొచ్చిండు.
"పొద్దటి సంది చుక్క నీళ్లు ముట్టలే అన్నా,
ఒక్కసారి సుత కిందికి దిగలే" అని
రొమ్ము ఇరుచుకొని చెప్పిండు.
సిస్టరమ్మ మాట నోటిదాంక వచ్చింది, అనలే.
సీసా మూత తీసి పట్టుకున్న.
చెయ్యి గుంజేదాంక పట్టుకున్న.
తాగిండు.
గొంతుముడి ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు.
నేను చూసుకుంట నిలబడ్డ,
హారతి చూసినట్టు.

తెల్లారి మళ్ల కాగితం ముందర.
"మల్లన్నా, రెండో గడి" అని
లోపల్లోపలనే చెప్పిన.
బయట ఎవలో తలుపు దబదబ కొడుతున్నడు,
యల్లా, యల్లా అనుకుంట.
ఆగు భాయ్,
చేతులు కడుక్కుంటున్న.