ఒకటి తక్కువ

తోర్స్‌హావ్న్‌లో ఈ పూట కూడా పొగమంచు,
రేవునీ పడవల్నీ కలిపి ఒకే తెలుపు చేసింది.
మూడో అంతస్తులో రన్‌వా
పన్నెండు సాల్మన్ గూళ్ల నీటివేడిని
పైథాన్‌లో పరుచుకుని కూర్చుంది.

రాత్రి తప్పు జరిగింది. చప్పుడు లేని తప్పు.
నూట నలభై నాలుగు కొలతలు నిలువుగా నిలబడ్డాయి,
నూట నలభై నాలుగు అంచనాలు అడ్డంగా పడుకున్నాయి.
తీసెయ్యమంటే
ఒక్కోటీ ఎదుటి వరసలో అందరితోనూ జతకట్టింది,
పిలవని పేరంటం.
ఇరవై వేల ఏడువందల ముప్ఫై ఆరు తేడాలు!
వాటిని వర్గం చేసి సగటు తీస్తే
తల దువ్వుకుని, చొక్కా లోపలికి దోపుకుని
ఒకే ఒక్క అంకె బయటికొచ్చింది.
దాన్ని నమ్మి
పొద్దున గూళ్ల దగ్గర మేత ఆపేశారు.

ఇప్పుడామె ప్రతి అరే ఒంటిమీదా పేర్లు రాస్తోంది.
ఎంత పొడవో కాదు,
ఎవరి పొడవు ఎవరితో సమానమో.
దీనికి ‘గూడు, గడియ’. దానికి ఉత్త ‘గడియ’.
రెండు చోట్లా అదే గడియ.
ఎన్నని అడగదు టైప్ చెకర్,
ఇక్కడి ఎన్ అక్కడి ఎన్నేనా అంటుంది,
ప్రోగ్రాం ఇంకా నిద్ర లేవకముందే.

మాత్రికల గుణకారం పేచీ పెట్టలేదు:
ఎడమింటి చివరి కొలత
కుడింటి మొదటి కొలతతో కలిస్తేనే వియ్యం.
కలిశాక ఆ కొలత
ఏ ఇంట్లోనూ కనపడదు.

ఆగింది చిన్న ఫంక్షన్ దగ్గర.
పక్కపక్క గడియల మధ్య తేడా:
ఎన్ లోపలికి వెళ్తే
ఒకటి తగ్గి బయటికొస్తుంది.
సమానం అని రాయొచ్చు. వేరు అని రాయొచ్చు.
ఏదైనా సరేనని చుక్కలు పెట్టి ఊరుకోవచ్చు.
ఒకటి తక్కువ అంటే మాత్రం
ఎర్రగీత.

తడి బూట్లతో హేదిన్ వచ్చాడు, సెన్సర్ బ్యాటరీలు ఇవ్వడానికి.
“ఏమిటా ఎరుపు?”
చెప్పింది.
“పన్నెండు గుంజలు పాతితే పదకొండు సందులు.
మా గొర్రెలక్కూడా తెలుసు” అని నవ్వి
కాఫీకి కప్పు తీసుకోబోయాడు.
గోడకి ఆరు కొక్కేలు.
ఐదు కప్పులు.
ఆ లెక్క ఇద్దరూ ఎత్తలేదు.

అతను దిగి వెళ్లాక
ఆ వరసని చూడొద్దని చెకర్‌కి చెప్పి,
పక్కన హాష్ గుర్తు పెట్టి రాసింది:
ఇక్కడ ఒకటి తక్కువ వస్తుంది.
అది తప్పు కాదు.

యంత్రం చదవని వాక్యం.
రెండుసార్లు చదువుకుని
సేవ్ చేసింది.